నలభై ఫోన్లు, ఒక్క ఖాతా

కాదండీ, మీరే చెప్పండి. అరవై దాటిన మనిషి చేతిలో ఫోను పెట్టి, ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం, ఒక అంకె కలిపి పాస్‌వర్డ్ పెట్టుకోమంటే ఏం పెట్టుకుంటుంది? పెట్టుకున్నా రేపటికి గుర్తుంటుందా? అందుకే సత్యప్రసాద్ చేసిన పని తప్పని నాకు అనబుద్ధి కాదు. తప్పే, కాదనను. కానీ మనవాళ్ళలో ఎవరున్నా ఆ పనే చేసేవారు.

సత్యప్రసాద్‌కి ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, గోల్‌మురి మార్కెట్లో ఫోన్లు బాగుచేసే షాపుంది. వాళ్ళ నాన్న టెక్కలి దగ్గర పల్లె నుంచి రేకుల కారఖానాలో కూలికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇతను పదోక్లాసు తప్పి, కారఖానా ఉద్యోగం కోసం కొన్నాళ్ళు తిరిగి, అది రాక టంకం పెట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. కళ్ళద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. పాడైన ఫోను చేతికిస్తే ముందు దాన్నే అడుగుతాడు, "ఏటైందే నీకు?" అని.

రెండేళ్ళ కిందట కలకత్తా నుంచి ఒకే రకం పాత ఫోన్లు నలభై తెప్పించాడు. బాగుచేసి మన తెలుగువాళ్ళకే ఇచ్చాడు. బారిడీహ్, పర్సుడీహ్, గోల్‌మురి, మూడు పేటల్లోనూ చుట్టాలే కదా. ఖాతా తెరవాలంటే ఒక్కొక్కరూ బిక్కమొహం వేశారు. "మీకెందుకీ తలనొప్పి, నాదే వాడండి" అని నలభై ఫోన్లలోనూ తన ఖాతానే పెట్టేశాడు. ఒకే పెరట్లో నలుగురూ బట్టలారేసుకునేవాళ్ళకి అది వింతగా తోచలేదు.

మొన్న వానాకాలంలో ఒక కొత్త బ్రౌజర్ వచ్చింది. బ్రౌజర్ అంటే ఇంటర్నెట్లో ఏదైనా వెతికి చూపించేది. ఇదింకా పూర్తిగా తయారుకాలేదు. బీటా అంటారు. వాడి చూసి మంచీచెడూ చెప్పండని ముందుగా జనానికిస్తారు. సత్యప్రసాద్‌కి అలాంటివంటే సరదా. పైగా దీనికి మన తెలుగు మాట తెలుస్తుంది. నోటితో అడిగితే చాలు, రాసుకుని, వెతికి, చదివి వినిపిస్తుంది. ఇంటింటికీ వెళ్ళి అందరి ఫోన్లలో వేసేశాడు. వారానికోసారి అందరినీ అడిగి, వాళ్ళు చెప్పింది తయారుచేసేవాళ్ళకి రాసి పంపేవాడు.

బారిడీహ్ కస్తూరమ్మకి డెబ్భై రెండేళ్ళు. ఆవిడ మొదటి రోజే ఫిర్యాదు చేసింది.

"ఒరే సత్తీ, ఇదెవత్తిరా? మోకాల్నొప్పికి ఏటి సెయ్యాలే అంటే, బరువు తగ్గమంటాది! దాని బాబుగారి సొమ్మేటి తిన్నానా నాను?"

"అది మనిషి కాదత్తా."

"మనిషి కాకపోతే మరీ మంచిది. రెండు తిట్టినా ఊరుకుంటాది."

అదీ రాసి పంపాడు. ధన్యవాదాలని జవాబొచ్చింది. షాపులో రోజంతా నవ్వులే.

ఆ నవ్వులు దసరా ముందు ఆగిపోయాయి. బ్రౌజర్‌కి కొత్త రూపమొచ్చింది. షాపులో కంప్యూటర్ తెరిస్తే మొదటి పేజీలోనే ఒక జాబితా, కంప్యూటర్లోనే, ఫోన్లలో కాదు. మీ మిగతా ఫోన్లలో వెతికినవి, అని. ఖాతా ఒకటే కదా. దాని లెక్కన నలభై ఫోన్లూ సత్యప్రసాద్‌వే. చేపల పులుసు ఎలాగో అడిగినవాళ్ళు, పిల్లకి సంబంధాలు వెతికినవాళ్ళు, బట్టతలకి మందు అడిగినవాళ్ళు, అందరూ వరసగా ఉన్నారు. ఫోన్లన్నీ ఒకే రకం కాబట్టి అన్నిటికీ ఒకే పేరు. ఎవరిది ఏదో తెలీదు.

అతను మొదట నవ్వుకున్నాడు. తర్వాత సిగ్గుపడి పేజీ మూసేశాడు. మూసేముందు ఒక వరస కంటబడింది.

"మెట్లెక్కితే గుండె పట్టేత్తంది ఏటి సెయ్యాల."

మర్నాడు మళ్ళీ తెరిచాడు. చూడకూడదనుకుంటూనే తెరిచాడు.

"పట్టేసినప్పుడు సెమట్లు పడితే ఏటవుద్ది."

మూడోనాడు ఇంకొకటి. "గేటు పాసు మెడికల్లో గుండె జబ్బు తెలిసిపోద్దా."

దాంతో అతనికి సంగతి అర్థమైంది. కారఖానాలో కాంట్రాక్టు పనివాళ్ళకి ఏడాదికోసారి గేటు పాసు తిరిగి రాయించుకోవాలి. దానికి డాక్టరు పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే పాసు లేదు, పాసు లేకపోతే పని లేదు. అంటే మనవాళ్ళలో ఒకడు జబ్బు దాచుకుని పనికెళ్తున్నాడు. ఆ నలభై మందిలో కాంట్రాక్టు పనివాళ్ళు పదకొండు మంది.

షాపు మధ్యాహ్నాలు మూసేసి, బ్రౌజర్ సరిచేయాలనే వంకతో ఇళ్ళకి తిరిగాడు. ఫోను తీసుకోవడం, లోపల వెతికినవి చూడడం, ఇచ్చేయడం. ఎవరూ అనుమానపడలేదు. ఉప్మా పెట్టారు, టీలిచ్చారు. తొమ్మిది ఫోన్లు చూశాడు. వాటిలో లేదు.

పదోది పర్సుడీహ్‌లో సోమేశ్వరరావుది. సత్యప్రసాద్‌కి పెదనాన్న కూతురు రమాదేవి మొగుడు, అంటే బావ. కారఖానాలో క్రేన్ నడుపుతాడు. నలభై అడుగుల ఎత్తున గదిలో కూర్చుని ఇనుప చుట్టలు ఎత్తి దింపడం అతని పని. కింద పదిమంది మనుషులుంటారు. బావమరిదిని చూస్తే ఊరుకునే రకం కాదు. ఆ రోజు మాత్రం ఒక్క వెటకారమూ ఆడలేదు.

"ఫోనియ్యి బావా, కొత్తది ఎక్కించాల."

"బాగానే ఉంది, ఒగ్గీ."

"రెండు నిమిషాలే."

"ఒగ్గీమన్నానా లేదా!" జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చేతిని చూసి సత్యప్రసాద్‌కి తెలిసిపోయింది.

వీధి చివర కుళాయి దాకా తీసుకెళ్ళి అడిగేశాడు. "ఎన్నాళ్ళనుంచి పట్టేత్తంది బావా?"

సోమేశ్వరరావు కారుతున్న కుళాయిని బిగించాడు. తర్వాత అన్నాడు, "నా ఫోన్లో దూరి సూత్తన్నావా? దొంగముండాకొడకా."

"తిట్టు. మరి డాక్టరు దగ్గరికి రా."

"సోమారం మెడికల్ ఉంది. అదొక్కటీ దాటనీ. ఆ ఎనకాల నువ్వెక్కడికంటే అక్కడికి వత్తాను. మా పిల్ల దేవిశ్రీకి ఇంకో ఏడాది కాలేజీ ఉంది. మీ అక్కకి సెప్పకు. సేతిలో సెయ్యెయ్యి."

చేతిలో చెయ్యి వేస్తే మన ఇళ్ళలో ఇంక మాట తప్పకూడదు. ఇదే ఇతను చేసిన రెండో తప్పు. ఇష్టంలేకుండానే చెయ్యి వేశాడు.

సోమవారం గడిచింది. ఆ రోజు డాక్టరు కళ్ళూ బీపీ చూసి వదిలేశాడట. పాసు వచ్చేసింది. సాయంత్రం బావే ఫోన్ చేశాడు. "పాస్ హో గయా సాలే సాబ్! మిఠాయి తినిపించు బావమరిదీ. నాకేటీ లేదు, కడుపులో గాస్ అంతే." డాక్టరు దగ్గరికెప్పుడంటే, "సూద్దాం, సూద్దాం" అన్నాడు.

మంగళవారం జాబితాలో ఒక వరస కనబడింది. "ఎడం సెయ్యి తిమ్మిరెక్కితే గాసేనా."

బుధవారం ఉదయం మరొకటి. "పైన ఒక్కడే ఉన్నప్పుడు కళ్ళు తిరిగితే ఏటి సెయ్యాల."

దాని కింద బ్రౌజర్ అడుగుతోంది. ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా?

సత్యప్రసాద్ షాపు షట్టర్ దించేశాడు. రెండింటికి బావ డ్యూటీ ఎక్కుతాడు, ఈలోగా రమాదేవి అక్కకి చెప్పేయాలి. చెయ్యి వేసిన మాట పోతే పోయింది. అదొక్కటే అయితే ఇంత ఆలోచన ఉండేది కాదు. చెప్తే, ఎలా తెలిసిందని అక్క అడుగుతుంది. ఆ తర్వాత ఆ సంగతి బారిడీహ్ దాకా పాకుతుంది. నలభై ఇళ్ళలో ఎవరేం వెతుకుతున్నారో సత్తి చూస్తున్నాడట. పిల్ల సంబంధాలు, ఆడవాళ్ళ జబ్బులు, అన్నీ. ఇంక ఏ ఇంట్లో కూర్చోనిస్తారు? స్కూటర్ మీద దారి పొడుగునా ఇదే.

వెళ్ళేసరికి పన్నెండున్నర. రమాదేవి గుమ్మంలోనే ఎదురైంది.

"ఒరే తమ్ముడూ, ఇప్పుడే ఎల్లిపోనాడు మీ బావ. ఎవడో రానేదట, ముందే రమ్మన్నారు. కూకో, టీ పెడతాను."

"అన్నం తిన్నాడా?"

"తిన్నాడా అంటే తిన్నాడు. రెండు ముద్దలు. పాసు దొరికింది కదా, ఆ సంబరానికే కడుపు నిండిపోనాదంట." నవ్వింది. "పెళ్ళినాటి మొగుడిలాగ నిన్న నాకు మల్లెపూలు తెచ్చాడు. ఏటైందిరా ఈ మనిషికి?"

లోపల్నుంచి దేవిశ్రీ కేకేసింది, "మామా, మేరా భీ ఫోన్ దేఖ్ లో నా, హ్యాంగ్ హో రహా హై."

"సూత్తానమ్మా." కదలకుండా ఆగిపోతోందంటున్న ఆ ఫోను తీసుకున్నాడు. తెర మీద ఒకటి నొక్కబోతే వేరేదేదో నొక్కుకుపోయింది.

టీ వచ్చింది. "అక్కా" అన్నాడు.

"ఏటి?"

"బావ..."

"ఏటి సేసినాడు? మళ్ళీ నిన్ను ఏడిపించాడా?"

ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. దేవిశ్రీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సత్యప్రసాద్ టీ తాగేశాడు. ఫోను బాగుచేసి ఇచ్చాడు. పంచదార ఎక్కువైందన్నాడు. వచ్చేశాడు.

ఇప్పుడు షాపులో నా ఎదురుగా కూర్చున్నాడు. క్రేన్ ఎక్కేవాళ్ళు ఫోను గేటు దగ్గర పెట్టెలో పెట్టి వెళ్ళాలి, కాబట్టి బావ దగ్గర్నుంచి జాబితాలో కొత్త వరస రాదు. అది తెలిసీ మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నాడు. కస్తూరమ్మ వాతావరణం అడిగింది. ఎవరో పాత పాటలు అడిగారు. రమాదేవి నంబరు రెండుసార్లు తీశాడు, రెండుసార్లూ పెట్టేశాడు. అలాంటిది ఫోన్లో చెప్పే మాటా, రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి ఎదురుగా చెప్తాను, అన్నాడు నాతో. డ్యూటీ దిగేది రాత్రి పదింటికి. ఇంకా నాలుగు కూడా కాలేదు.