చేతికొచ్చిన హోమ్ రన్ బంతి

డెట్రాయిట్ పక్కనున్న నోవై నుంచి నేనూ మా అమ్మాయీ పొద్దున్నే డ్రైవ్ చేసుకుని వచ్చి చికాగోలోని పాత బేస్‌బాల్ స్టేడియంలో డెట్రాయిట్ మ్యాచ్ చూడ్డానికి కూర్చున్నాం. గోడంతా పచ్చటి తీగ, స్కోర్‌బోర్డు మీద అంకెలు ఇప్పటికీ మనుషులే మారుస్తారు. నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను.

ఇంతలో మా డెట్రాయిట్ ఆటగాడు కొట్టిన, మన సిక్సర్ లాంటి హోమ్ రన్ బంతి సరిగ్గా నా చేతుల్లో పడింది. క్రికెట్ అలవాటు కదా, వెంటనే గ్రౌండ్‌లోకి విసిరేశాను.

మా అమ్మాయి తల పట్టుకుంది. "డాడీ, వై? అది మన బాల్! కీప్ చెయ్యొచ్చు!"

చికాగో వాళ్ళు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎదుటి టీమ్ హోమ్ రన్ బంతిని వెనక్కి విసిరేయడం అక్కడి ఆనవాయితీ అట. పక్క సీటు పెద్దావిడ నా డెట్రాయిట్ టోపీని కూడా క్షమించి పాప్‌కార్న్ పెట్టింది.

హోటల్‌కి వచ్చినా అమ్మాయి అలక ఇంకా తీరలేదు. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళు నిజం చెప్పండి, మీ చేతులైతే ఆగేవా?