లారీ కింద ఎర్ర చుక్క

కాక పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక గేటుకు వెల్డింగ్ పెడుతున్నాను. ఫోన్ చేసినవాడు మా గల్లీవాడే. మొదటి మాటగా "కాక పోయిండు రా" అన్నాడు. నేను నల్లద్దాలు తీసి పక్కన పెట్టేలోపే రెండో మాట అన్నాడు. "ఏంజేస్తం, బీడీలే తిన్నయి మనిషిని."

ఆ రెండో మాట వల్లనే ఇది రాస్తున్నాను.

కాక జన్మలో ఒక్క బీడీ తాగలేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీలో కొందరు సగం చదివి పక్కన పడేస్తారు. ఆ సగం చదివినవాళ్లకైనా ఈ ముక్క తెలియాలి.

ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. మా రెండిళ్లకు మధ్య ఒకటే గోడ. గల్లీలో అందరికీ కాకే. ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు మీద ఒక సైలెన్సర్ల షాపులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాడు. పత్తి లారీలు, మిర్చి లారీలు, ట్రాక్టర్లు, ఏది పగిలిన గొంతుతో వచ్చినా దాని కిందికి దూరేది కాకే. షాపులో బండి కింద దిగి నిలబడే గుంట లేదు, ఫ్యాన్ లేదు. గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, ఇంజిన్ నడుస్తుండగా పని.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నాకు చేతకాదు. కాకంటే నాకు పడేది కాదు. కనపడితే "మంచిగున్నవా" అని అడగడు, "ఇంక ఉన్నవా?" అంటాడు. నా బైకు సప్పుడు నచ్చక ఒకరోజు తాళంచెవి గుంజుకుని మా రేకుల మీదికి విసిరేశాడు. నేను రేకులెక్కి వెతుక్కుంటుంటే కింద నిలబడి, "పైకెక్కినవ్ గద, గా పగిలిన రేకు గూడ సూడు, మీ అమ్మ మీద కారుతాంది వాన" అన్నాడు. నిజంగానే పగిలింది. అందుకు ఇంకా మండింది నాకు.

తర్వాత నేను ఒక పాత కారు కొన్నాను. చిన్నది, నా కంటే ముందు ఇద్దరి చేతులు మారింది. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు వెల్డింగ్ నేర్పింది ఫోనే, కారు పనీ ఫోన్లోనే చూశాను. హైదరాబాద్ నుంచి స్టీలు సైలెన్సర్ సెట్టు తెప్పించాను. పొగ వదిలే మూతి చెంబంత వెడల్పు. ఆదివారం పొద్దున ఇంటి ముందు జాకీ పెట్టి కారు లేపి, కింద ఇటుకలు పేర్చి దూరాను. దోస్తులు ఇద్దరు వీడియో తీస్తున్నారు.

నా కాలికి ఏదో తగిలింది. కాక చెప్పు.

"బయటికి రా."

"ఆగు కాకా, బోల్టు ఊడుతాంది."

"రమ్మంటే రా. ఇటుకల మీద పెట్టినవా రా బండిని?"

"గట్టి ఇటుకలే కాకా."

"పగిలేముందు ఇటుక నీకు ఫోన్ జేస్తదా?"

బయటికి వచ్చాను. కాక ఇంట్లోకి పోయి పాత లారీ చక్రాల ఇనుప డిస్కులు రెండు దొర్లించుకుంటూ వచ్చి, కారు కింద వేయించాడు. "జాకీ లేపనీకే. ఆపనీకి గాదు. ఎవడు నేర్పిండు నీకు?"

"ఫోన్ల చూసిన."

"మీద వడితె ఫోన్లోడు వచ్చి గుంజుతడా?"

దోస్తులు నవ్వారు. కాక కొత్త సైలెన్సర్‌ను చేత్తో తిప్పి చూసి, దాని వెడల్పాటి మూతిలోకి పిడికిలి పెట్టి తీశాడు. "సైలెన్సర్ అంటే బండి నోరు ముయ్యాలె. నువ్వు పైసలిచ్చి తెరిపిచ్చినవ్." అని, మా అరుగు మీద కూర్చున్నాడు. పోతాడేమో అనుకున్నా. పోలేదు.

నేను చేసిన మొదటి తప్పు: ఇంజిన్ దగ్గరి బోల్టులు ముందే గట్టిగా బిగించేశాను. వెనక కొక్కెం దగ్గరికి వచ్చేసరికి పైపు నాలుగు వేళ్లు అటు పోయింది. గుంజాను, తన్నాను, తిట్టాను. కాక అరుగు మీదినుంచే అన్నాడు. "అన్ని వదులు జెయ్యి. మొత్తం పైపు యాడికాడ మంచిగ కూసున్నంక, ఇంజిన్ కాడికెల్లి ఎన్కకు బిగిచ్చుకుంట రా. ముందుగాల్నే బిగిచ్చినోడు మల్ల ఇప్పుకోవాలె." ఇప్పుడు గేట్లు బిగించేటప్పుడు కూడా ఆ మాటే నా చేతుల్లో ఉంటుంది. వేలాడదీసే రబ్బర్లు ఎక్కకపోతే సబ్బు నీళ్లు పూయమన్నాడు. బ్రేకు పైపుకూ దీనికీ మధ్య రెండు వేళ్లు పట్టాలన్నాడు. పెట్టి చూపించమన్నాడు కూడా, మాట మీద నమ్మకం లేదు ఆయనకు.

రెండో తప్పు ఆయనకు చెప్పలేదు. ఇంజిన్ దగ్గర రెండు పైపులు కలిసేచోట మధ్యలో పెట్టే ప్యాకింగ్ ఉంటుంది. పాతదే మళ్లీ పెట్టాను. బాగానే కనపడింది మరి.

స్టార్ట్ చేశాను. అబ్బ, ఆ సప్పుడు. గల్లీ మొత్తం బయటికొచ్చింది. నేను సీట్లో కూర్చుని రేసు మీద రేసు ఇస్తున్నాను.

కాక కిటికీ దగ్గరికి వచ్చాడు. "రేపు యాడికో పోతానవట?"

"అక్కను, పిల్లను రఘునాథపల్లిల వాళ్ల అత్తగారింటికాడ దించాలె."

"అద్దాలు ఎక్కిచ్చుకొని పోతరా?"

"సలి గద కాకా. అయిదు నెలల పిల్ల."

కాక మా ఇంటి ముందరి గోనెసంచి దులిపి పరిచాడు. అది మిర్చి సంచి, దులిపినందుకే అందరం తుమ్మాం. కిందికి దూరాడు. "రేసు ఇయ్యకు. అట్లనే నడవనియ్యి" అన్నాడు. పెట్రోలు పైపు వెంట చెయ్యి జరిపి వాసన చూశాడట, అది తర్వాత చెప్పాడు. ఆ తర్వాత అగ్గిపుల్ల గీసిన సప్పుడు వినపడింది.

డోరు తెరిచి వంగి చూశాను. కారు కింద చీకట్లో ఎర్ర చుక్క. దాని వెనక దగ్గు.

మార్కెట్ రోడ్డు మీద తిరిగినవాళ్లందరూ ఆ చుక్క చూసినవాళ్లే. లారీ కింద కాక కాళ్లు బయటికి, లోపల ఒక ఎర్ర చుక్క. చొక్కా జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె. ఆ దగ్గు. ఇంకేం కావాలి మనకు? కాక బీడీల మనిషని ఊరు రాసేసింది.

నేనూ ఊరే. "ఏందే కాకా, బండి కింద గూడ బీడీనా? జర తగ్గియ్యి, పోతవ్!" అన్నాను. దోస్తులు పకపక నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కింది. వద్దన్నా ఇంకో రెండు రేసులు ఇచ్చాను. కింద పానాతో కారు అడుగున ఠంగుమని కొట్టాడు.

బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా, మీసం నిండా బూడిద రంగు దుమ్ము. చేతిలో ఉన్నది నా ముక్కు కింద పెట్టాడు.

"వాసన సూడు. బీడీనా రా ఇది?"

ఊదుబత్తి. మల్లెపూల వాసన.

నా కాలరు పట్టుకుని తనతో పాటు కిందికి గుంజాడు. ఊదుబత్తిని పైపు అతుకుల వెంట మెల్లగా జరిపాడు. పొగ దారంలా నిటారుగా పైకి పోతోంది. ఇంజిన్ దగ్గర, నా పాత ప్యాకింగ్ దగ్గరికి రాగానే ఎవరో ఊదుతున్నట్టు ముక్కలు ముక్కలుగా చెదిరింది. చేత్తో చూస్తే కాలుతుంది, చెవితో వింటే ఇంజిన్ సప్పుడులో తెలియదు. ఇది ఆయన తనంతట తాను కనిపెట్టుకున్న పద్ధతి. ఆయనకూ ఎవరూ నేర్పలేదు.

నేను దగ్గరికి పోయి చూడబోతే పొగ అన్ని చోట్లా ఊగింది.

"ఊపిరి తియ్యకు. నీ గాలి తాకినా ఊగుతది. లేని లీకు కనవడ్తది."

ఒక్కో అతుకు దగ్గర ఊపిరి బిగబట్టేవాడు. చూసేవాడు. పక్కకు తిరిగి నిండా పీల్చేవాడు. ఏం పీల్చాడు అక్కడ? ఇంకేముంది, పొగే. నేను కొద్దిసేపు ఉన్నాను, తల తిరిగింది. ఆయన ముప్పై ఏళ్లు ఉన్నాడు.

"పాతది ఎందుకేసినవ్?"

"మంచిగనే ఉండె కాకా."

"ఈడ కారితె సప్పుడు కొంచెమే, పొగ ఎక్కువ. అది లోపలికెక్కుతది. అద్దాలెక్కిచ్చుకొని పోతాంటె పిల్ల నిద్రవోతది. నువ్వు గూడ నిద్రవోయిందనే అనుకుంటవ్."

నేను లేచి ఇంజిన్ ఆపేశాను. కాక ఇంటికి పోయి ప్యాకింగ్ కోసుకొచ్చాడు. వేడి తగ్గేదాకా ఆగి, విప్పి, మార్చి, మళ్లీ బిగించి, మళ్లీ ఊదుబత్తి వెలిగించాడు. పొగ నిటారుగా నిలబడేదాకా కారు కిందినుంచి లేవలేదు. లేచాక కూడా మెచ్చుకోలేదు. "బోల్టులు మంచిగనే బిగిచ్చినవ్, బుర్రనే వదులుగున్నది" అన్నాడు.

మర్నాడు రఘునాథపల్లి దాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. అక్క విసుక్కుంది. నాకు మాత్రం అంత మంచి ఏడుపు ఎప్పుడూ వినపడలేదు. వారం తిరక్కుండా పాత సైలెన్సర్ మళ్లీ ఎక్కించాను, ఈసారి కొత్త ప్యాకింగ్‌తో. కాక ఒకసారి వంగి చూసి, తన పనికి పోయాడు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఆ రోజునుంచి నాకు నిజం తెలుసు. ఆ తర్వాత రెండేళ్లు గల్లీలో ఎవరు "బీడీ కాక" అన్నా నేను నోరు తెరవలేదు. పెద్ద విషయమా అనుకున్నాను. మార్కెట్‌కు మిర్చి దిగే రోజుల్లో మా గల్లీ అంతా దగ్గుతుంది, కాక దగ్గు అందులో కలిసిపోయేది. మిర్చి అయిపోయాక అందరి దగ్గూ ఆగేది, కాకది ఆగేది కాదు. అప్పుడు బీడీ అనేవాళ్లు. హనుమకొండలో ఒక దవాఖానలో చేర్పించినప్పుడు కాగితం నింపేవాళ్లు బీడీ, చుట్టా అని అడిగితే ఆయన అల్లుడు "ఆ, ఉంటది గద" అన్నాడట. రాసుకున్నారు. ఆ తర్వాత మంచం దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఆ కాగితం చదివాడు, కాకను అడగలేదు. చిన్నమ్మ, అంటే కాక భార్య, చెప్పబోతే కాకే ఆపాడట. "రాసుకోనీ తియ్. వాళ్లకొక పేరు గావాలె." ఈ మాటకు కాక మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎవని తప్పుకు నీ పేరు ఇచ్చావు కాకా?

నేను డాక్టర్‌ను కాను. ఏది తిన్నదో ఆ ఊపిరితిత్తులను, నేను చెప్పలేను. కానీ అడగకుండా, తెలుసుకోకుండా బీడీ అని రాసే హక్కు ఎవడికీ లేదు. బీడీ అనేస్తే అందరికీ సుఖం. తప్పు వానిదే, వాడే తాగాడు, వాడే పోయాడు. ఇంకెవరూ జవాబు చెప్పక్కర్లేదు. కాక పోయిన రోజు షాపు సేటు పెద్ద దండ తెచ్చి శవం మీద వేసి, "మా ఇంట్ల మనిషి లెక్క ఉండె" అన్నాడు. "ఒక్క ఫ్యాన్ పెట్టిస్తె ఏం పోతుండె సేటు?" అని అడిగాను. "ఆయన ఎన్నడు అడగలే" అన్నాడు. ఆ దండ తీసి ఆయన మెడకే వేయాలనిపించింది.

మూడో రోజు కాకను పూడ్చిన బొందగడ్డకు పోయాం, పిట్టకు పెట్టడానికి. మీకు తెలిసిందే, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఆకులో పెడతాం, కాకి వచ్చి ముట్టాలి. అన్నం, మటన్, గుడ్డు, కల్లు పెట్టారు. పిట్ట రాలేదు. చాలాసేపు చూశాం. ఎండ ఎక్కుతోంది. ఏదో మర్చిపోయామని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అల్లుడు నుదురు కొట్టుకున్నాడు. "అరె, బీడీలు! బీడీ కట్ట వెట్టలే. అందుకే ముడతలేదు." బండి మీద పోయి, కట్ట తెచ్చి, ఆకులో మటన్ పక్కన పెట్టాడు.

నేను వంగి ఆ కట్ట తీసి, పొదల్లోకి విసిరేశాను.

అల్లుడు నా కాలరు పట్టుకున్నాడు. "నువ్వెవనివి రా? ఇంటోనివా, సుట్టానివా?"

"ఎవన్నయినా గాని. కాక బీడీ తాగలే బావా. ఎన్నడు తాగలే. లారీల కింద మీరు సూసింది ఊదుబత్తి. నాకు రెండేండ్ల సంది ఎరుక. నోర్మూసుకొని ఉన్న. సిగ్గులేక ఉన్న."

"సచ్చినోని కాడ లొల్లి వెడ్తావురా?"

"ఇడువు ఆన్ని." చిన్నమ్మ గొంతు. అప్పటిదాకా మట్టి చూస్తూ కూర్చున్న మనిషి. "ఆడు చెప్పింది నిజం. ముప్పై ఏండ్లు అంగి ఉతికిన. నాకు తెల్వదా వాసన?" కొంగు ముడి విప్పింది. దవాఖానకు పోయిన రోజు కాక చొక్కా జేబులోంచి తీసి దాచుకున్నదట. నలిగిన ఊదుబత్తుల పొట్లం, అగ్గిపెట్టె. నా చేతిలో పెట్టింది. "పెట్టు బిడ్డా."

అల్లుడి చెయ్యి నా కాలరు మీదినుంచి జారింది.

పిట్ట వచ్చిందో లేదో నేను చూడలేదు. మట్టి మీద మోకాళ్లేసి ఒక ఊదుబత్తి వెలిగించి, ఆకు పక్కన గుచ్చాను. గాలి లేదు. అయినా పొగ నిలబడలేదు, నా మొహం ముందు అటూ ఇటూ చెదిరింది. లీకు ఎక్కడా అని చూశాను. నిజంగా చూశాను, అలవాటు మీద. నేను రొప్పుతున్నానని కాసేపటికి గానీ అర్థం కాలేదు.

ఊపిరి బిగబట్టాను.

పొగ దారంలా నిలబడింది.