నా మనసు తెలిసిన మనిషి

మనసుకీ మనసుకీ మధ్య మాటలు అక్కర్లేదని ఇప్పుడెవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు ఆ మాట ఊరంతా చెప్పుకు తిరిగింది నేనే.

ఎనభైల్లో మాది ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊరు. పక్కింటి పిల్లా నేనూ ఒకే ఈడు, ఒకే కులం. మిరప తోటలో పక్కపక్క సాళ్లలో కాయలు కోసేవాళ్లం. నాకు దాహమయ్యేసరికి నీళ్ల చెంబు నా ముందుండేది. నేను లోపల అనుకుంటున్న పాట అది పైకి ఎత్తుకునేది. ఇంట్లో కూర్చుని దాన్ని తలుచుకుంటే గుమ్మంలోకొచ్చి "పిలిచినవా?" అనేది. "అవ్" అనేదాన్ని. "దీనికి ముల్లు గుచ్చుకుంటే అది కుంటుతది" అని కూలి ఆడవాళ్లు ఆట పట్టించేవాళ్లు. మాకదో గొప్ప.

అశ్వారావుపేటలో ఉండే మా మేనమామ కొడుకు మీద నాకు మనసుండేది. ఆ సంగతి దానికి చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. దానికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? బావ మిరపకాయలకు ట్రాక్టరు తెచ్చినప్పుడల్లా అది నన్ను చూసి ముసిముసిగా నవ్వేది.

ఒకసారి మామ సంబంధం మాట ఎత్తాడు. మా వైపు పెళ్లి సంగతి పిల్లను ఎదురుగా అడగరు. నోరు విప్పి ఇష్టమంటే సిగ్గులేనిదంటారు. అందుకని స్నేహితురాలిని పిలిచి అడుగుతారు. అమ్మ దాన్ని పెరట్లోకి పిలిచింది. నేను లోపల బియ్యం ఏరుతూ నవ్వుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. మామ వాళ్లే వెనక్కి తగ్గారనుకుని చాటుగా ఏడ్చాను.

మరుసటి ఎండాకాలం బావకి దానితోనే పెళ్లయింది. పందిట్లో నా మొహం చూసి అమ్మ గొంతు తగ్గించి అంది: "ఇప్పుడేందే గిట్ల? నీకిష్టం లేదని అదే చెప్పింది గద. నీ మనసు దానికి తెల్వకుండా ఉంటదా అని నేనూ ఊకున్న."

అప్పగింతలయ్యాక దాని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"అమ్మకి గట్ల ఎందుకు చెప్పినవ్?"

అది చెయ్యి విడిపించుకోలేదు. నా కళ్లలోకి చూస్తూనే అంది. "నువ్వు నాకెప్పుడన్న చెప్పినవా? నీ మనసుల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది?"

"మీ బావ మీద ఆశపడ్డ, ఆపుకోవడం నాతోని కాలే" అని ఉంటే ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. తెలియదని నా మొహం మీదే అంది.