అల్లుడుగారి రూట్ లాగిన్

సర్వర్‌లో దొంగ దూరాడన్న సంగతి ఆశాజ్యోతికి రొయ్యల వల్ల తెలిసింది. ముసురు పట్టిన ఉదయం, గాలి అందక రొయ్యలు గట్టువార తేలుతున్నాయని చెరువుల కాపలాదారు చిట్టియ్య ఫోన్ చేశాడు. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పాల్సిన లినక్స్ సర్వర్ ఎవడికోసమో క్రిప్టో నాణేల లెక్కలు చేస్తూ అసలు పని మానేసింది.

"మోటార్లు చేత్తో వేసెయ్యి చిట్టియ్యా, కంప్యూటర్‌ని నమ్ముకోకు" అని చెప్పి, ఆమె నరసాపురం నుంచి స్కూటీ మీద మొగల్తూరు చెరువుల దగ్గరికి వచ్చి, ముందు ఇంటర్నెట్ వైరు పీకేసింది.

ఆమె సొంతూరు రాజమండ్రి. తండ్రి లూథరన్ బడిలో లెక్కల మాస్టారు. గ్యాస్ కట్టేశారో లేదో రెండోసారి చూసే అలవాటు ఆయన నుంచే వచ్చింది. పల్లంరాజు గారి చెరువుల కంప్యూటర్లు చూసే పనిలో చేరాక ఆ అలవాటుకి తీరిక లేకుండా పోయింది. అప్‌డేట్లు వేసింది. వాడని సర్వీసులు ఆపింది. ఫైర్‌వాల్ పెట్టింది. ఒక్కటే మిగిలింది. రూట్ అనే లాగిన్ చేతిలో ఉన్నవాడికి సర్వర్‌లో ఎదురే ఉండదు. దాన్ని బయటి నుంచి వాడకుండా మూసేద్దామని వానాకాలం మొదలైనప్పటి నుంచి మొత్తుకుంటోంది. ఆ పాస్‌వర్డ్‌ని పల్లంరాజు కొత్త అల్లుడు వెంకటరాజుకి పెళ్లయిన వారంలోనే స్వయంగా చెప్పారు. పాస్‌వర్డ్ కూడా అమ్మాయి పేరే.

"ఇక మూసేస్తానండి, రాజుగారూ."

పల్లంరాజు టిఫిన్ ప్లేటు ముందుకు జరిపారు. "ముందు పెసరట్టు తినండి. చల్లారితే బాగోదు."

"రొయ్యలు చచ్చేవండి."

"చావలేదు కదండీ. మూసెయ్యడమంటే, అల్లుడుగారికి కూడానా?"

"అందరికీనండి. ఆయనకి విడిగా లాగిన్ ఇస్తాను. చెరువులు చూసుకోవచ్చు, ఏరేటర్లు వేసుకోవచ్చు. సర్వర్‌ని మార్చలేరు, అంతే."

"తక్కువ చెయ్యడమంటే అదే కదండీ. ఇచ్చింది లాక్కున్నారంటారు."

"ఇన్నాళ్లూ రూట్‌తో ఆయన ఏం చేశారండి?"

"ఏమీ చెయ్యలేదండి. ఆయనకి కంప్యూటర్ రాదు, పాపం."

ఆశాజ్యోతి పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకుంది. ఏదో ఒకటి నమలకపోతే మాట జారేలా ఉంది.

"దొంగ ఇంకేం దాచి వెళ్లాడో తెలీదు. మొత్తం తుడిచి మళ్లీ పెట్టాలండి. మళ్లీ ఇలాగే అందరికీ రూట్ ఇమ్మంటే నేను పెట్టను. ఇంకొకళ్లని చూసుకోండి."

పల్లంరాజు కిటికీలోంచి చెరువుల వైపు చూశారు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి.

"నాక్కూడా రూట్ ఉంది కదండీ?"

"ఉందండి."

"అయితే ముందు నాది తీసెయ్యండి. మామగారికే లేదంటే అల్లుడుగారు అడగరు. అడిగితే మర్యాద కాదు."

ఇన్నాళ్లూ ఆయనకి, బయటివాళ్లు పాస్‌వర్డ్ కోసం చేసిన ప్రయత్నాలన్నీ సర్వర్ రాసిపెట్టుకునే లాగ్‌లలో చూపించింది. బొమ్మలు గీసి చెప్పింది. ఈ దారి మాత్రం ఆమెకి తట్టలేదు. తట్టనందుకు తన మీదా, ఇంత సులువైనదాన్ని ఇన్నాళ్లు నాన్చినందుకు ఆయన మీదా ఒకేసారి కోపం వచ్చింది.

సాయంత్రానికి సర్వర్ కొత్తగా లేచింది. బయటి నుంచి రూట్ లేదు. పాస్‌వర్డులూ లేవు, ఎవరి ఫోన్‌లో వాళ్లకి తాళంచెవి లాంటి ఫైలు. అల్లుడికి ఖాతా తెరుస్తుంటే, వెనక నిలబడ్డ పల్లంరాజు గొంతు సవరించుకున్నారు.

"వెంకటరాజు అని ఉత్తినే రాశారేంటండి? చివర గారు పెట్టండి."

"యూజర్‌నేమ్‌లకి గారు పెట్టరండి."

"పెడితే పని చెయ్యదా?"

పని చేస్తుంది. ఆమె చెరిపి, మళ్లీ కొట్టింది.