ఆ ఏడు దెబ్బలూ ఆవిడవే

మా పక్కింటావిడ జర్మనావిడ. డెబ్బయి దాటి కొన్నేళ్లయింది. ఐర్లండ్‌లో ఎన్నిస్ అనే ఊరి చివర ఒకే గోడకి అటు ఆవిడ ఇల్లు, ఇటు మాది. అంతకుముందు మేం డబ్లిన్‌లో, చెర్రీవుడ్ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లం. లీజు అయిపోయింది, అక్కడ మళ్లీ ఇల్లు దొరకలేదు. ఈలోగా నాకు ఈ పక్కనున్న షానన్‌లో ఉద్యోగం వచ్చింది, ఇటు వచ్చేశాం.

వచ్చిన మొదటి వారమే మా అమ్మాయి గోడకి చెవి ఆనించి, "అమ్మా, లిసన్! ఇట్స్ ఫియర్స్ వియర్డ్" అంది, భలే వింతగా ఉందని. దానికప్పుడు తొమ్మిదేళ్లు. తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఇక్కడి ఐరిష్ యాసలో.

నేనూ చెవి ఆనించాను. పియానో. నడక మాత్రం మామూలుగా లేదు. నాకు తెలియకుండానే నా చెయ్యి తొడ మీద దెబ్బ వెయ్యడం మొదలుపెట్టింది. తకిట తకధిమి, తకిట తకధిమి. మూడూ నాలుగూ, మొత్తం ఏడు. కాకినాడలో పదో తరగతి దాకా నేర్చుకున్న సంగీతంలో గొంతు ఎప్పుడో పోయింది, తాళం ఒక్కటే మిగిలింది. ఇది మిశ్రచాపు. ఈ ఊళ్లో, ఈ ముసలావిడకి మిశ్రచాపు ఎవరు నేర్పారా అనుకున్నాను.

రెండు నెలలకి మా అమ్మాయి ఆవిడ దగ్గర పియానో నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం దాన్ని తీసుకురావడానికి వెళ్తే టీ తాగి వెళ్లమంది. "కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి" అంది. ఇక్కడ ప్రెస్ అంటే అలమర అని అప్పటికి తెలుసు గానీ, ఏ అలమరో తెలియక వేరేది తెరిచాను. అందులో కప్పులు లేవు. పాత గ్రామఫోన్ రికార్డులున్నాయి. పైనున్న అట్ట మీద జుట్టు పెంచిన నలుగురు కుర్రాళ్ల ఫొటోలు.

"అది మా బృందం" అంది ఆవిడ. "మేం ఐదుగురం. ఐదో మనిషిని నేను. ఆర్గాన్ వాయించేదాన్ని."

అట్ట తిప్పి చూశాను. ఆర్గాన్ ఎదురుగా గిటారు వాయించిన అతని పేరే ఉంది.

ఆ కథ ఆవిడ ఒక్కసారిగా చెప్పలేదు. ఆ చలికాలమంతా కొంచెం కొంచెంగా చెప్పింది. జర్మనీలో బొగ్గు గనుల ప్రాంతంలో ఒక పట్టణం. ఆవిడకి పంతొమ్మిదేళ్లు, చర్చిలో ఆర్గాన్ వాయించేది. ఒక లాండ్రీ కింద సెల్లార్‌లో నలుగురు కుర్రాళ్లు రాక్ సంగీతం సాధన చేసేవాళ్లు. నాలుగు నిమిషాల పాటలు వాళ్లకి చాలవు. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలుండాలి, మధ్యలో తాళం మారాలి, రాగం ఎటో పోయి తిరిగి రావాలి. దాన్నే ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. ఆలోచన బాగానే ఉంది, రాయడం మాత్రం నలుగురిలో ఎవరికీ రాదు. స్వరం రాయడం వచ్చింది ఆవిడకే. మొదటి రికార్డులో ఒక పక్కంతా నిండిన పెద్ద రచన, నేను గోడవతల విన్నది, ఆవిడదే.

రికార్డు కంపెనీతో ఒప్పందం రాసుకునే వారంలో ఆవిడ తండ్రి చనిపోయాడు. ఆవిడ ఆ వారమంతా ఇంటి దగ్గరే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి నలుగురూ సంతకాలు పెట్టేశారు. అట్ట మీద నాలుగు ఫొటోలు పడ్డాయి. "రెండో ముద్రణలో నీది వేస్తాం" అన్నారు. రెండోదీ వచ్చింది, మూడోదీ వచ్చింది.

"మీరు ఊరుకున్నారా?" అని అడిగాను.

"ఊరుకోలేదు, అరిచాను. అరిస్తే, చూశారా, ఈ మనిషితో వేగడం కష్టం అన్నారు. రెండో ఏడాది కచేరీల మధ్యలో ఇంకొకణ్ణి తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టారు."

తర్వాత ఆ బృందం విడిపోయింది, కలిసింది, మళ్లీ విడిపోయింది. గిటారు అతను ఒక్కడే పేరు వదలకుండా పట్టుకుని, కొత్తవాళ్లని చేర్చుకుంటూ ఇప్పటికీ నడుపుతున్నాడు. ఆవిడ ఒక ఐరిష్ అతన్ని పెళ్లి చేసుకుని, ఈ ఊరున్న క్లేర్ జిల్లాకి వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయి, బళ్లలో పిల్లలకి పియానో నేర్పింది. నేను మండిపడుతుంటే ఆవిడే నాకు బిస్కట్ల పళ్లెం జరిపేది.

మరుసటి వసంతంలో జర్మనీ నుంచి ఒక డాక్యుమెంటరీ దర్శకుడు ఉత్తరం రాశాడు. బృందం చరిత్ర మొత్తం సినిమాగా తీస్తున్నాడట, ఆవిడతో మాట్లాడాలట. ఆవిడ ఆ వారం పియానోకి శ్రుతి చేయించింది. జుట్టు కత్తిరించుకుంది. ఆ రోజు నన్ను తోడుండమంటే సెలవు పెట్టాను.

దర్శకుడు, కెమెరా అతను వచ్చారు. వచ్చీ రాగానే కెమెరా పెట్టెలూ వైర్లూ తీసుకెళ్లి, మూసి ఉన్న పియానో మీద పెట్టారు. మూడు గంటలు మాట్లాడించారు, అంతా గిటారు అతని గురించే. ఆయనకి కోపం ఎక్కువా? ఏం తినేవాడు? మిమ్మల్ని ప్రేమించాడా? ఆవిడ ఒకసారి, "ఆ పెద్ద రచన గురించి అడగరా?" అంది. "దాని దగ్గరికే వస్తున్నాం" అన్నాడు దర్శకుడు. రాలేదు. పెట్టెలు పియానో మీదే ఉన్నాయి.

అప్పుడు అతని చూపు టీ పట్టుకొచ్చిన నా మీద పడింది. "మీరు ఇండియానా?" అన్నాడు. అవునన్నాను. ఫోన్‌లో ఆ రచన పెట్టాడు. "ఈ తాళం మీకు తెలుసా?"

నాకు ఎంత సంతోషమేసిందో! ఇన్నాళ్లకి నాకు తెలిసినదాని గురించి ఒకరు అడిగారు. "తెలియకేం? మిశ్రచాపు" అన్నాను. తొడ మీద వేసి చూపించాను.

"అద్భుతం. కెమెరా ముందు చెప్తారా? చీరలాంటిది ఏదైనా ఉందా?"

వెళ్లి కట్టుకొచ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఉగాదికని దాచిన పట్టుచీర కట్టుకుని వచ్చి, కెమెరా ముందు తకిట తకధిమి అన్నాను. "అంటే ఇది భారతీయ తాళం, అంతేనా?" అన్నాడు. అవునని తలూపాను. ఏదో కాగితం మీద సంతకం కూడా పెట్టాను.

వాళ్లు వెళ్లాక ఆవిడ కప్పులు కడిగింది. తర్వాత అంది:

"గిటారు అతను ఇండియా వెళ్లాడు. రికార్డు వచ్చిన రెండేళ్లకి. ఆరు వారాలు ఉండి, కడుపు పాడుచేసుకుని వచ్చాడు. అప్పట్నుంచి అడిగిన వాళ్లందరికీ చెప్తున్నాడు, ఆ తాళం తనకి అక్కడ ఒక గురువు ఇచ్చాడని."

తుడుస్తున్న కప్పు కింద పెట్టాను. "మరి మీకు ఎక్కడిది?"

"మా మెట్లది. మా నాన్నకి యుద్ధంలో ఒక కాలు పోయింది. చెక్క కాలు. పని నుంచి వచ్చేటప్పుడు మూడు మెట్లెక్కి ఆగేవాడు. ఊపిరి తీసుకుని నాలుగెక్కేవాడు. తలుపు. రోజూ మంచం మీద పడుకుని లెక్కపెట్టేదాన్ని. ఆయన పోయేముందు ఏడాది రాశాను అది."

"అయ్యో, నేను అవునన్నానే!"

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు. వాళ్లడిగింది వేరు."

ఆ సాయంత్రమే దర్శకుడికి రాశాను. ఏడక్షరాల తాళం మాకుంది, నిజమే. ఏడు దాకా లెక్కపెట్టడం ఒక్క మాకే వచ్చని నేననలేదు, ఇది ఆవిడ రచన, నా మాటలు తీసెయ్యండి అని. 'మీ సాయానికి ఎంతో కృతజ్ఞతలు, కెమెరాలో మీరు చాలా బాగా పడ్డారు' అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. సంతకం పెట్టారు కదా అన్నారు.

మా ఆయన, "ఎందుకే మనకీ గొడవ? వాళ్ల బృందం, వాళ్ల గోల" అన్నారు.

"నా మొహం పెట్టుకుని ఆవిడ పేరు తుడిచేశారండీ. నాది కాకపోతే ఎవరిది గొడవ?" అన్నాను.

ఏడాది తిరిగాక ఆ సినిమా కార్క్ నగరంలో వేశారు. మధ్యాహ్నం ఆట, తర్వాత గిటారు అతనితో మాటామంతీ. ఆవిడ వస్తానంది. నేనే కారు నడిపాను. దారిలో ఆవిడ వానని చూస్తూ కూర్చుంది.

సినిమాలో ఆవిడ రెండు నిమిషాలుంది. కింద అక్షరాలు పడ్డాయి: 'తొలిరోజుల స్నేహితురాలు'. గిటారు అతనికి బంగాళాదుంప సూప్ అంటే ఇష్టం అని చెప్పిన ముక్క ఉంచారు. తర్వాత నదీ తీరం, అగరుబత్తుల పొగ, అతని గొంతు: తూర్పు దేశపు జ్ఞానం తనని ఎలా కదిలించిందో. ఆ వెంటనే తెర నిండా నేను. పట్టుచీరలో. తలూపుతూ. హాల్లో ఎవరో ముచ్చటగా నవ్వారు. నాకు కుర్చీ కిందకి దూరిపోవాలనిపించింది, ఆ వెంటనే లేచి అరవాలనిపించింది.

ప్రశ్నలు మొదలవగానే చెయ్యెత్తాను. మైకు ఇచ్చారు. "ఆ పెద్ద రచన రాసింది ఎవరు?" అన్నాను.

అతను తెల్లజుట్టు వెనక్కి తోసుకుని, కళ్లు చికిలించి చూసి, రెండు చేతులూ జోడించాడు. "ఓహ్, మన సినిమాలో ఉన్నావిడ! నమస్తే!" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా ప్రశ్న ఆ చప్పట్ల కింద నలిగిపోయింది. "అది ఎవరూ రాయలేదమ్మా, అది మీ దేశం నుంచి నా గుండా ప్రవహించింది" అన్నాడు. మళ్లీ చప్పట్లు.

నా చేతిలోంచి మైకు ఆవిడ తీసుకుంది. లేవలేదు. కూర్చునే, జర్మన్‌లో ఒక్క ప్రశ్న అడిగింది. పొట్టి ప్రశ్న. అతని మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. మైకులో ఒకే ఒక్క మాట అన్నాడు, అనుకోకుండా నోట్లోంచి జారినట్టు. ఆవిడ మైకు ఇచ్చేసి, "పద వెళ్దాం" అంది. హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాతో సహా.

కారులో అడిగాను.

"మా నాన్నకి పోయింది ఏ కాలు అని అడిగాను. అతను మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశాడు. ఆ మెట్ల చప్పుడు నాతోపాటు విన్నాడు. దాన్ని ఎలా రాశానో సెల్లార్‌లో మొదట అతనికే చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఎడమ అన్నాడు. ఎడమే."

కొంతదూరం వెళ్లాక మళ్లీ తనే అంది. "ఇన్నేళ్లూ మర్చిపోయాడేమో అనుకునేదాన్ని. నిజంగానే ఆ గురువు కథ నమ్ముతున్నాడేమో అని. మర్చిపోయినవాణ్ణి ఏమంటాం? అతనికి అన్నీ గుర్తున్నాయి."

ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మాలో మండింది మాత్రం ఎన్నిస్ వచ్చేదాకా ఆరలేదు. ఇద్దరం తెలుగులోనూ జర్మన్‌లోనూ ఎవరి భాషలో వాళ్లం తిట్టుకుంటూ వచ్చాం.

నేను మళ్లీ దర్శకుడికి రాశాను, ఆ ఒక్క మాటకి అర్థం ఏమిటో వివరంగా. పాత ప్రేమికుల మధ్య గొడవల్లోకి మేం దిగలేం అని జవాబు. వాళ్లు ఏనాడూ ప్రేమికులు కారు. ఎవరైనా దిద్దొచ్చనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆ బృందం పేజీకి వెళ్లి ఆవిడ పేరు చేర్చాను. అరగంటలో తీసేశారు. ఆధారం లేదట. ఆధారమంటే ఏమిటని పేజీ కిందకి దిగి చూశాను. తాళం ఇండియా నుంచి వచ్చిందన్న వాక్యానికి ఆధారంగా ఆ సినిమా ఉంది. అంటే నేను. ఆవిడ బతికుంది, చేతులున్నాయి, ఆ రచన మొత్తం చూడకుండా వాయించగలదు. ఆవిడ ఆధారం కాదు. ఏమీ తెలియకుండా తలూపిన నేను ఆధారం.

ఆ కోపంలోనే ఊళ్లోని లైబ్రరీకి వెళ్లాను. అక్కడ ఒక పియానో ఉంది, శనివారం మధ్యాహ్నాలు ఎవరైనా వాయించుకోవచ్చు. ఒక శనివారం ఆవిడకి ఇమ్మన్నాను. లైబ్రరీ ఆవిడ మంచి మనిషి, "దట్స్ గ్రాండ్, నో బాదర్" అని వెంటనే పోస్టరు తయారుచేసింది. అందులో మా పక్కింటావిడ పేరు చిన్న అక్షరాల్లో, ఆ బృందం నాయకుడి స్నేహితురాలు అని ఉంది.

"ఆ మాట తీసెయ్యండి" అన్నాను.

"జనం వస్తారని పెట్టానండీ, అతని పేరు తెలుసు కదా."

"రాకపోయినా ఫర్వాలేదు."

రెండోసారి 'స్థానిక పియానో టీచర్' అని వచ్చింది. అదీ తీయించాను. మా అమ్మాయి పక్కనుంచి, "అమ్మా, స్టాప్, యు ఆర్ మార్టిఫయింగ్ మీ" అని సిగ్గుతో చచ్చిపోతూ నా కోటు లాగుతోంది. "నువ్వాగు" అన్నాను. మూడోసారి ఆవిడ పేరు పెద్దగా, కింద 'స్వరకర్త' అని, దాని కింద 'తన రచన తానే వాయిస్తుంది' అని పడింది.

పదిహేనుమంది వచ్చారు. సగం మంది ఆవిడ దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లే. ఆవిడ కూర్చుని, "ఇది నేను రాశాను" అని ఒక్క మాట చెప్పి మొదలుపెట్టింది. పేజీలు తిప్పడానికి పక్కన నిలబడ్డ మా అమ్మాయికి పని లేకపోయింది, ఆవిడ కాగితం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.