కమీలియా నాటిందెవరు

వసంతం రాగానే అమెరికాలోని చార్లెస్టన్‌ ఊళ్ళో పాత ఇళ్ళ తోటలు చూడవచ్చే జనానికి లవీనియా కూడా గేటు తెరుస్తుంది. గడ్డి టోపీ పెట్టుకుని, చేతికర్రతో ఒక్కో మొక్కనీ చూపిస్తుంది. కమీలియా పూలమొక్క దగ్గర మాత్రం గొంతు తగ్గించి, "మా ఆయన నాటింది" అంటుంది.

తన గోడ మీదికి వాలిన పక్కింటి మగ్నోలియా చెట్టు కొమ్మలు లవీనియా నరికించినప్పటి నుంచీ ఆ ఇంటి థియోడోసియాతో మాటల్లేవు. పలకరించాలని ఉన్నా లవీనియాకి అహం అడ్డు. ఈ ఏడు థియోడోసియా టికెట్టు కొనుక్కుని మరీ గుంపులో వచ్చి నిలబడింది. లవీనియా తడబడి, పాత పాఠమే అప్పజెప్పింది.

"మీ ఆయన ఏనాడైనా పార పట్టాడుటే? ఆ మొక్క తెచ్చి నాటింది నేను."

జనం నవ్వారు. లవీనియా కుర్చీలో కూలబడింది.

"అయితే వచ్చే గుంపుకి నువ్వే చెప్పవే. నాకు అబద్ధాలాడే ఓపిక లేదు."