బొమ్మకు వేసిన పెన్సిలిన్

2002 జూలైలో ఒక గురువారం, ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు, ఏడేళ్ళ మంజుల తన గుడ్డబొమ్మకు సూది వేసింది. అప్పుడు నేను యలహంక వైపున్న ఒక ధర్మాసుపత్రిలో పిల్లల వార్డు సిస్టర్ ఇన్‌ఛార్జిని. నా పైన నర్సింగ్ సూపరింటెండెంట్, నా కింద స్టాఫ్ నర్సులు, శిక్షణలో ఉన్న విద్యార్థినులు.

మంజులకు కీళ్ళవాత జ్వరం వచ్చి తగ్గింది. అది మళ్ళీ మళ్ళీ వస్తే గుండె కవాటాలు పాడవుతాయి. రాకుండా ఉండాలంటే మూడు వారాలకొకసారి, ఏళ్ళ తరబడి, పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. ఆ మందు పాలపొడి కలిపినట్టు చిక్కగా ఉంటుంది. లావు సూదితో, నెమ్మదిగా, ఆపకుండా ఎక్కించాలి. మధ్యలో ఆగితే సూది మూసుకుపోతుంది, మళ్ళీ గుచ్చాలి. అందుకే బిడ్డ కదలకూడదు.

దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆటబొమ్మల డాక్టర్ సెట్లలో వచ్చే ప్లాస్టిక్ సిరంజీలు ఒక ట్రేలో పెట్టేవాళ్ళం. ముందు బిడ్డ బొమ్మకు వేయాలి, తర్వాత మేము బిడ్డకు. దూదితో తుడవటం, గుచ్చటం, మెల్లగా నెట్టటం, చివర అదిమి పట్టటం, అంతా అదే వరుస. తనకు ఏం జరగబోతోందో బిడ్డకు ముందే తెలిసేది.

"గమ్మునుండు! కదిలితే ఇంకోటి పడ్తాది" అని మంజుల బొమ్మను గదమాయించేది. వెంట వచ్చిన అవ్వ నవ్వేది. "ఇంట్లో కోడిపెట్టను గూడా ఇడిసేది లేదు సిస్టరమ్మా. ఈ పిల్లను చూస్తే అది గంప కింద దూరుకుంటాది."

మరుసటి ఏడు రాష్ట్రంలో ఒక బిల్లు మాట వినిపించింది. బడుల ముందు అంగళ్ళలో సిరంజి ఆకారంలో తీపి జెల్లీ అమ్ముతున్నారనీ, మత్తు అలవాటు పిల్లలకు ఆటగా పరిచయమవుతోందనీ ఫిర్యాదులు. మత్తుమందు వాడే పరికరాలను పోలిన వస్తువులను తయారుచేయటం, అమ్మటం, దగ్గర ఉంచుకోవటం నేరం కావాలని ప్రతిపాదన. అభిప్రాయం కోసం ముసాయిదా ప్రతి ఒకటి మా ఆసుపత్రికీ వచ్చింది. నిర్వచనంలో సిరంజి ఉంది. ఆసుపత్రులకు మినహాయింపు లేదు.

మా పరిపాలనాధికారి ట్రే తీసేయమన్నాడు. ఇంకా చట్టం కాలేదు కదా అన్నాను.

"ఇయ్యాల కాకుంటే రేపు అవుతాది సిస్టర్. మీకేమి, పోలీసులకు జవాబు చెప్పేది నేను" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా తమ్ముని కొడుకు హాస్టల్ రూములో పడిపోయి ఉండె. చేతిలో సిరంజి. బొమ్మదైనా సరే, నేను చూడలేనప్పా."

మినహాయింపు కోరుతూ సూపరింటెండెంట్ ద్వారా అభిప్రాయం పంపాం. ట్రే మాత్రం రాతపూర్వక ఉత్తర్వుతో స్టోరుకు వెళ్ళింది.

తర్వాతిసారి మంజులను వేలితోనే బొమ్మకు వేయమన్నాను. "వేలికి సూది యాడుండాది?" అని ఏడుపు మొదలుపెట్టింది. ఇద్దరు విద్యార్థినులు పట్టుకున్నా ఆగలేదు. సూది మూసుకుపోయింది, రెండోసారి గుచ్చాం.

ఆ పైసారి అవ్వ ఒక్కతే వచ్చింది. "బస్‌స్టాపు కాడనే పొర్లాడ్తాదమ్మా, ఎత్తుకొచ్చే తాకత్తు నాకు లేదు. ఆ ఆట సూది ఒకటిస్తే ఇంట్లో మంచి చేసుకొని తెస్తా."

స్టోరు తాళం అధికారి దగ్గర ఉంది. కొనిద్దామని బజారుకు వెళితే, బిల్లు మాట విన్న అంగళ్ళవాళ్ళు సెట్లలోంచి సిరంజి తీసేసి అమ్ముతున్నారు. మా ఆరోగ్య కార్యకర్త వాళ్ళింటికి వెళ్ళేసరికి, తండ్రికి ఫ్యాక్టరీలో పని దొరికి కుటుంబం నగరానికి అవతలి కొసనున్న జిగణికి మారిపోయింది.

ఏడాది దాటాక మంజుల ఆయాసంతో వచ్చింది. కవాటం బాగా చెడిపోయింది. పెద్దాసుపత్రికి పంపాం. అక్కడ చనిపోయింది.

ఆట సిరంజి లేకపోవటమే కారణమని నేను చెప్పను. దూరం ఉంది, పేదరికం ఉంది. కానీ ట్రే ఉన్నన్నాళ్ళు ఆ పిల్ల ఒక్క సూది కూడా మానలేదు.

బిల్లు సభ ముందుకే రాలేదు. కొంతకాలానికి దాని మాట కూడా ఆగిపోయింది. ట్రే తిరిగి ఇవ్వమని అడిగితే, తీసేయమన్న ఉత్తర్వును ఏ ఉత్తర్వు రద్దు చేసిందో చూపించమన్నారు. వచ్చిన చట్టాన్ని సవరించవచ్చు, కొట్టేయవచ్చు. రాని చట్టానికి ముందుగానే లోబడితే, కొట్టేయటానికి ఏమీ ఉండదు. ఆ ఉద్యోగంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇది.

నేను రిటైరయ్యేనాటికి పెన్సిలిన్ రోజున ఇద్దరు బిడ్డను పట్టుకుంటే ఒకరు సూది వేసేవారు. ఆ గదిలో ఇప్పుడు పిల్లలకు ముందుగా ఏమీ చూపించరు.